సంతకానికి ముందు పాఠం

కళాశాల విద్యార్థులకు ఆర్థిక నిర్వహణ, డబ్బు మనస్తత్వం నేర్పడం గురించి
డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం
ఇందిరా నగర్, పుదుచ్చేరి

1. స్మరణ, ప్రతిపాదన

1923 నవంబరులో మచిలీపట్నంలో లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య వృత్తిరీత్యా వైద్యులు. జాతీయోద్యమంలోకి వచ్చి, భారత జాతీయ కాంగ్రెసు చరిత్రను గ్రంథస్థం చేసి, 1948లో జైపూరు మహాసభకు అధ్యక్షత వహించి, అనంతరం మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959లో కన్నుమూశారు. రాజకీయ చరిత్రలో ఆయన పేరు 1939 నాటి త్రిపురి కాంగ్రెసు అధ్యక్ష ఎన్నిక సందర్భంలోనే ఎక్కువగా వినిపిస్తుంది గాని, తెలుగు ఇళ్ళలో ఆయన కృషి చాలాకాలం బ్యాంకు పాసుపుస్తకం రూపంలో నిలిచింది. ఆ బ్యాంకు 1980లో జాతీయీకరణ చెంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనప్పటికీ, సామాన్యుడి పొదుపుకూ అప్పుకూ నమ్మదగిన సంస్థ ఒకటి ఉండాలన్న ఆలోచన నేటికీ చర్చించదగినదే.

ఆ తరానికి ఎదురైన చిక్కు సంస్థల కొరత. పంట చేతికొచ్చినప్పుడు దాచుకునే చోట్లు తక్కువ, పెట్టుబడి కావలసినప్పుడు షావుకారు గడప తప్ప మరో దారి అరుదు. నేటి కళాశాల విద్యార్థి చిక్కు దీనికి తలకిందులుగా ఉంది: ఖాతా, అప్పు, బీమా, షేర్ల క్రయవిక్రయం అన్నీ చేతిలోని ఫోనులోనే ఉన్నాయి, లేనిది వాటిలో దేనికి ఎప్పుడు ఒప్పుకోవాలో, దేనికి ఒప్పుకోకూడదో తేల్చుకునే అభ్యాసం. రాబడి, ఖర్చు, పొదుపు, అప్పు, బీమా, మదుపు అనే ఆరింటినీ ఒక మనిషి తన జీవితావసరాలకు తగినట్లు అమర్చుకోవడాన్ని వ్యక్తిగత ఆర్థిక నిర్వహణ అంటారు. ఆ అమరికను ఆశ, భయం, పోలిక, అలవాటు, నమ్మకం ఏ విధంగా మలుపు తిప్పుతాయో పరిశీలించేది డబ్బు మనస్తత్వం. మొదటిది లెక్క, రెండోది ఆ లెక్క తెలిసిన మనిషి దాన్ని పాటించకపోవడానికి కారణం. కాబట్టి ఒకదాన్ని వదిలి మరొకదాన్ని బోధించడం వల్ల ప్రయోజనం స్వల్పం.

ఈ ఉపన్యాసం ప్రతిపాదించే విషయం ఒక్కటే. విద్యార్థికి డబ్బును గురించిన బోధన అతడు లేదా ఆమె ఏదైనా ఆర్థిక ఒప్పందానికి సమ్మతి తెలిపే ఘట్టాలకు ముందుగా, వాటికి వీలైనంత దగ్గరగా, ఆ ఒప్పంద పత్రాలనే పాఠ్యపుస్తకంగా చేసుకుని జరగాలి. ఇక్కడ సంతకం అంటే కాగితం మీద పెట్టేది మాత్రమే కాదు. ఓటీపీ చెప్పడమూ, నిబంధనలకు అంగీకారమన్న గడిలో టిక్కు పెట్టడమూ సంతకాలే.

2. ఖాతా ముందు, పాఠం తరువాత

పుదుచ్చేరికి డబ్బు లెక్కలతో ఉన్న సంబంధం పాతది. ఫ్రెంచి గవర్నరు డూప్లే కొలువులో దుబాసీగా వెలుగొందిన ఆనందరంగ పిళ్ళై 1736లో మొదలుపెట్టి పాతికేళ్ళు రాసిన దినచర్యలో యుద్ధవార్తల పక్కనే సరుకులు, బాకీలు, వర్తక ఒప్పందాలు కనిపిస్తాయి. తరువాతి శతాబ్దంలో బాంక్ ద లిందోషీన్ ఇక్కడ శాఖ తెరిచి ఫ్రెంచి ఇండియా కోసం రూపాయి నోట్లు జారీ చేసింది. అయితే ఆ సంస్థల లావాదేవీలు వర్తకులకూ అధికారులకూ పరిమితం. సామాన్య కుటుంబం వాటి వెలుపలే ఉండిపోయింది.

ఆ గీత చెరిపే ప్రయత్నానికి దేశంలోనే తొలి ప్రయోగశాలల్లో ఒకటి పుదుచ్చేరి కావడం గుర్తుంచుకోదగిన విషయం. కడప జిల్లాకు చెందిన యాగా వేణుగోపాల్ రెడ్డి రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్న కాలంలో, 2005 నవంబరులో, కనీస నిల్వ అక్కరలేని లేదా నామమాత్రపు నిల్వతో నడిచే సాదా ఖాతాలు తెరవాలని బ్యాంకులకు సూచన వెళ్ళింది. అదే సంవత్సరం చివర కె.సి. చక్రబర్తి నాయకత్వంలోని ఇండియన్ బ్యాంకు పుదుచ్చేరి ప్రాంతంలోని మంగళం గ్రామాన్ని ఎంచుకుని, ప్రతి కుటుంబానికీ బ్యాంకు సౌకర్యం కల్పించింది. ఆ విధంగా మంగళం దేశంలో అన్ని ఇళ్ళకూ బ్యాంకు సేవలు అందిన మొదటి గ్రామంగా పేరు పొందింది. ప్రతి ఒక్కరినీ లాంఛనమైన బ్యాంకింగు వ్యవస్థ లోపలికి తీసుకురావడమనే ఈ పనినే ఆర్థిక సమ్మిళితం అంటున్నారు. 2014 ఆగస్టులో మొదలైన జన్‌ధన్ యోజన దాన్ని దేశమంతటికీ విస్తరింపజేయగా, 2016 ఏప్రిల్‌లో వచ్చిన యూపీఐ ఆ ఖాతాను ఫోనులోకి తెచ్చింది.

ఖాతా వచ్చిన వేగంతో అవగాహన రాలేదు. జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం 2019లో జరిపిన సర్వేలో ఆర్థిక జ్ఞానం, దృక్పథం, ప్రవర్తన అనే మూడింటిలోనూ కనీస ప్రమాణాన్ని అందుకున్న వయోజనులు 27 శాతమే. ఇందిరా నగర్, కదిర్కామం, లాస్‌పేట పరిసరాల్లోని ప్రభుత్వ ఆర్ట్స్, సైన్స్ కళాశాలల్లోనూ వైద్య, సాంకేతిక విద్యాలయాల్లోనూ చదివే నేటి విద్యార్థులు ఈ రెండు వేగాల మధ్య పెరిగినవారు: చిన్నతనంలోనే ఇంట్లో ఖాతాలు చూశారు, కౌమారంలో ఫోను ద్వారా చెల్లింపులు నేర్చుకున్నారు, పద్దెనిమిదేళ్ళు నిండగానే అప్పు తీసుకోవడానికీ షేర్లు కొనడానికీ చట్టరీత్యా అర్హులయ్యారు. వీరిలో యానాం నుంచి వచ్చే తెలుగు విద్యార్థుల స్థితి మరికాస్త ప్రత్యేకం. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన, కాకినాడ చెంత, గోదావరి పాయ ఒడ్డున ఉంది. వృత్తివిద్యల కోసం ఇక్కడికి వచ్చిన విద్యార్థి హాస్టలు రుసుము, మెస్సు బిల్లు, ప్రయాణ ఖర్చు, పుస్తకాలు అన్నీ మొదటిసారి సొంతంగా సర్దుకోవాలి. పక్కన అడగడానికి పెద్దవాళ్ళు ఉండరు, బ్యాంకు కాగితం తెలుగులో ఉండదు.

3. తెలిసినంత మాత్రాన

ఆర్థిక విద్య ఫలితాల మీద ప్రపంచంలో సాగిన చర్చను అధ్యాపకులు తప్పక గమనించాలి, ఎందుకంటే ఆ చర్చ అతివిశ్వాసానికీ నిరాశకూ రెండింటికీ తావివ్వదు. 2014లో ఫెర్నాండెజ్, లించ్, నెట్‌మేయర్ అనే ముగ్గురు పరిశోధకులు అంతకుముందు వెలువడిన సుమారు రెండు వందల అధ్యయనాలను కలిపి విశ్లేషించి, మనుషుల ఆర్థిక ప్రవర్తనలోని తేడాల్లో ఆర్థిక విద్యా కార్యక్రమాలు వివరించగలిగింది 0.1 శాతం మాత్రమేనని తేల్చారు. ఎన్ని గంటలు బోధించినా కాలం గడిచేకొద్దీ ఆ ప్రభావం కరిగిపోతుందని గమనించి, నిర్ణయం తీసుకోవలసిన సమయానికి అందే విద్య మేలని సూచించారు. 2022లో కైజర్, లుసార్డి తదితరులు కేవలం యాదృచ్ఛిక ప్రయోగాలనే, అంటే చీటీ తీసినట్లుగా కొందరికి శిక్షణ ఇచ్చి మరికొందరికి ఇవ్వకుండా పోల్చిన 76 ప్రయోగాలనే, పరిశీలించి, విద్య వల్ల జ్ఞానంలోనూ ప్రవర్తనలోనూ మేలు జరుగుతోందని చూపారు. ఈ రెండు ఫలితాలూ పైకి పరస్పర విరుద్ధంగా ఉన్నా, బోధన ఫలిస్తుందా లేదా అన్నది అది ఎప్పుడు, ఏ రూపంలో అందిందన్న దాని మీద ఆధారపడుతుందనడానికి రెండింటిలోనూ అవకాశం ఉంది.

భారతదేశంలోనే జరిగిన ఒక ప్రయోగం దీన్ని మరింత స్పష్టం చేస్తుంది. అహ్మదాబాదులో కార్పెనా, కోల్, షపీరో, జియా అనే పరిశోధకులు అల్పాదాయ కుటుంబాలవారికి వీడియో పాఠాల ద్వారా ఆర్థిక విషయాలు బోధించి చూసినప్పుడు, పాఠం ఒక్కటే అందుకున్నవారి ప్రవర్తనలో చెప్పుకోదగిన మార్పు రాలేదు; పాఠంతో పాటు సొంత లక్ష్యం నిర్ణయించుకునే అవకాశమూ, విడిగా కూర్చోబెట్టి ఇచ్చిన సలహా కూడా అందినవారిలో వచ్చింది. అంటే విన్నదానికీ చేసినదానికీ మధ్యనున్న అగాధాన్ని దాటించేది మరింత సమాచారం కాదు. ఆ సమాచారాన్ని సొంత సందర్భానికి అన్వయించే చిన్న అభ్యాసం.

4. మనసు వేసే లెక్కలు

ఆ అగాధం ఎందుకు ఏర్పడుతుందో చెప్పే భావనలు అనేకం ఉన్నా, కళాశాల స్థాయికి నాలుగు చాలు.

మొదటిది నష్టభీతి. డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం వంద రూపాయలు పోయిన బాధ, వంద రూపాయలు వచ్చిన ఆనందం కంటే చాలా ఎక్కువ. వారి తరువాతి అంచనా దీన్ని రెండు రెట్లకు పైమాటగా చెప్పింది. దీనికి అనుబంధమైన సంగతి మరింత ముఖ్యం: లాభంలో ఉన్న మనిషి జాగ్రత్తపడతాడు, నష్టంలో ఉన్న మనిషి దాన్ని ఒక్క దెబ్బతో పూడ్చుకోవాలని ఇంకా పెద్ద సాహసానికి దిగుతాడు.

రెండోది మానసిక పద్దులు. రూపాయి ఏదైనా రూపాయే అయినా, మనసు ఒక్కో రాబడిని ఒక్కో పద్దు కింద రాసుకుంటుందని రిచర్డ్ థేలర్ వివరించారు; నాన్న పంపిన హాస్టలు డబ్బును గీచిగీచి వాడే విద్యార్థి స్కాలర్‌షిప్పు పడిన వారంలోనే కొత్త ఫోను కొనడం ఇందువల్లనే. చెల్లించే విధానం కూడా ఈ పద్దులను తారుమారు చేస్తుంది: ప్రెలెక్, సిమెస్టర్ 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఆటల టిక్కెట్ల వేలంపాటలో, క్రెడిట్ కార్డుతో చెల్లించవలసిన విద్యార్థులు నగదుతో చెల్లించవలసినవారి కంటే దాదాపు రెట్టింపు వరకు పాడారు.

మూడోది కొరత మనసు మీద మోపే భారం. దీనికి ప్రసిద్ధమైన ఆధారం పుదుచ్చేరికి ఆనుకుని ఉన్న విళుప్పురం ప్రాంతం నుంచే వచ్చింది. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో విళుప్పురం, తిరువణ్ణామలై పరిసరాల్లోని 54 గ్రామాలకు చెందిన 464 మంది చెరకు రైతులకు పంటకు ముందూ తరువాతా ఒకే తరహా బుద్ధి పరీక్షలు పెట్టగా, చేతిలో డబ్బులేని పంట ముందు రోజుల్లో అదే రైతు తక్కువ సామర్థ్యం కనబరచినట్లు తేలింది. 2013లో వెలువడిన ఈ అధ్యయనం అధ్యాపకులకు ఇచ్చే హెచ్చరిక స్పష్టమైనది: డబ్బు విషయంలో తప్పు చేసిన పేద విద్యార్థిని అజ్ఞానిగా లెక్కకట్టకూడదు, రుసుము గడువు తరుముతున్నప్పుడు ఎంత తెలివైన మనసైనా దగ్గరి అవసరాన్నే చూసి దూరపు వడ్డీని చూడలేకపోతుంది. కాబట్టి పాఠం ఆ గడువుకు ముందే అందాలి.

నాలుగోది నమ్మకం ప్రయాణించే దారి. విజయవాడ కేంద్రంగా నడిచి 2014–15 కాలంలో డిపాజిట్లు తిరిగి చెల్లించలేక కూలిన అగ్రిగోల్డ్ సంస్థ వ్యవహారంలో సుమారు 32 లక్షల మంది డబ్బు చిక్కుకుపోయింది. ఇంతమంది లెక్కలు రాక మోసపోయారనడం సరికాదు. ఇటువంటి పథకాలు ఊళ్ళోని ఏజెంట్ల ద్వారా, బంధుత్వం ద్వారా, పొరుగింటి పరిచయం ద్వారా వ్యాపిస్తాయి, తెలిసినవాడిని పత్రం చూపించమని అడగడం మర్యాద కాదన్న భావన వాటికి రక్షణగా నిలుస్తుంది. అనియంత్రిత డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో కేంద్ర చట్టం వచ్చినా, మొహమాటాన్ని నిషేధించే చట్టం ఉండదు గనుక, మర్యాద తప్పకుండా పత్రం అడగడమెలాగో తరగతి గదిలోనే అభ్యసించాలి.

5. నాలుగు సంతకాలు

విద్యార్థి జీవితంలో ఈ భావనలన్నీ నాలుగు ఘట్టాల్లో పరీక్షకు వస్తాయి.

మొదటి ఘట్టం విద్యారుణం. భారత బ్యాంకుల సంఘం 2001లో రూపొందించిన నమూనా పథకం ప్రకారం 4 లక్షల రూపాయల వరకు ఆస్తి తాకట్టు అక్కరలేదు. తల్లి లేదా తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే సరిపోతుంది. చదువు సాగినంత కాలమూ, ఆపైన ఒక సంవత్సరమూ వాయిదాలు కట్టనక్కరలేని ఈ వెసులుబాటును విరామకాలం అంటారు. కట్టనక్కరలేదన్న మాటను వడ్డీ పడదన్నట్లుగా అర్థం చేసుకోవడం సర్వసాధారణం. నాలుగేళ్ళ కోర్సుకు ఏటా మొదట్లో లక్ష చొప్పున, నూటికి ఏడాదికి 10 రూపాయల బారువడ్డీతో తీసుకున్నారనుకుంటే, అయిదేళ్ళ విరామకాలం ముగిసేసరికి నాలుగు లక్షల అసలు మీద లక్షా 40 వేల వడ్డీ పేరుకుంటుంది. ఈ 5 లక్షల 40 వేలను అదే వడ్డీరేటుతో పదేళ్ళలో తీర్చాలంటే నెలకు దాదాపు 7,136 రూపాయలు, మొత్తం మీద 8 లక్షల 56 వేలకు పైగా కట్టాలి. చదువుతున్నప్పుడే ఏ నెల వడ్డీ ఆ నెల కడితే మొదటి ఏడాది నెలకు 833 రూపాయలు సరిపోతాయి, అలా కట్టేవారికి వడ్డీలో ఒక శాతం రాయితీ ఇచ్చే వీలు కూడా నమూనా పథకంలో ఉంది. ఈ లెక్కను చివరి సంవత్సరంలో వాణిజ్యశాస్త్ర పాఠంగా చెప్పడం కంటే, ప్రవేశం పొందిన వారంలో తల్లిదండ్రుల సమక్షంలో వేయించడం వల్ల కలిగే మేలు ఎక్కువ.

రెండో ఘట్టం యాప్ అప్పు. 2020 చివర హైదరాబాదులో వెలుగుచూసిన తక్షణ రుణ యాప్‌ల వ్యవహారంలో ఫోనులోని పేర్ల జాబితాకు ఫోన్లు చేసి పరువు తీసే పద్ధతులు, వేధింపులు తాళలేక జరిగిన ఆత్మహత్యలు, పోలీసు అరెస్టులు దేశం దృష్టిని ఆకర్షించాయి. దాని వెనువెంటనే 2021 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక అధ్యయన బృందాన్ని నియమించి, 2022 సెప్టెంబరు 2న డిజిటల్ రుణాల మార్గదర్శకాలు జారీ చేసింది. అప్పు సొమ్ము నేరుగా రుణగ్రహీత ఖాతాలోనే పడాలని, యాప్ ఫోనులోని పేర్ల జాబితా జోలికి పోకూడదని, తీసుకున్న అప్పును జరిమానా లేకుండా తిరిగిచ్చేసి తప్పుకునే గడువు ఇవ్వాలని అవి నిర్దేశించాయి. ఇక్కడ బోధించవలసిన నైపుణ్యం వడ్డీని ఏడాది లెక్కలోకి మార్చడం. తెలుగు పల్లెల్లో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతమని పెద్దలకు నోటి లెక్కగా తెలుసు. కాని 5,000 రూపాయల అప్పు మంజూరుచేసి, రుసుముల పేరిట 1,500 మినహాయించి, వారంలో పూర్తి 5,000 వసూలుచేసే యాప్ వడ్డీ చేతికందిన 3,500 మీద వారానికి దాదాపు 43 శాతమని, ఏడాది లెక్కలో రెండు వేల శాతం దాటుతుందని వేసి చూస్తే తప్ప కనిపించదు.

మూడో ఘట్టం ట్రేడింగ్ ఖాతా. షేరును కొనకుండా దాని రాబోయే ధర మీద కుదుర్చుకునే ఒప్పందాలను ఫ్యూచర్స్, ఆప్షన్స్ అంటారు. తక్కువ సొమ్ముతో పెద్ద మొత్తానికి పందెం కాయగలగడం వీటిలోని ఆకర్షణ, ప్రమాదం కూడా. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2021–22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈ రంగంలోకి దిగిన కోటి మందికి పైగా వ్యక్తిగత వ్యాపారుల్లో 93 శాతం నష్టపోయారు, సగటు నష్టం సుమారు 2 లక్షల రూపాయలు, మొత్తం నష్టం లక్షా 80 వేల కోట్లకు పైమాటే. వారిలో ముప్పై ఏళ్ళలోపువారి వాటా ఒక్క ఏడాదిలో 31 నుంచి 43 శాతానికి పెరిగింది. వరసగా నష్టపోయినవారిలో నాలుగింట మూడు వంతుల మంది ఆ వ్యాపారాన్ని మానలేదు. నష్టభీతి సిద్ధాంతం చెప్పినది సరిగ్గా ఇదే: పోయినదాన్ని పోయినట్లు ఒప్పుకోవడం కన్నా మరొక పందెం కాయడమే ఆ క్షణాన తేలికగా తోస్తుంది. నష్టానికి ముందే, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే, ఎంత పోతే ఆపివేయాలన్నది రాసి పెట్టుకోవడం ఒక్కటే దీనికి తరగతి గది ఇవ్వగలిగిన విరుగుడు.

నాలుగో ఘట్టం మొదటి జీతం. చదువు ముగిసి ఉద్యోగంలో చేరిన యువతీయువకులను బంధువులు మొదట అడిగే సాయం తరచుగా చీటీ హామీ సంతకం, ఎందుకంటే చీటీ పాడుకున్నవారికి సొమ్ము ఇవ్వాలంటే చీటీల కంపెనీలు సాధారణంగా జీతగాళ్ళ హామీ కోరతాయి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. బాకీదారు కట్టకపోతే హామీదారు సాక్షిగా మిగలడు, తానే బాకీదారవుతాడు. పొదుపు విషయంలో థేలర్, బెనార్ట్జీ 2004లో ప్రచురించిన ప్రయోగం విలువైన మార్గం చూపుతుంది: ఈనాటి జీతంలో కోత వద్దని, రాబోయే జీతం పెంపులో ఒక భాగం పొదుపుకు వెళ్ళేలా ముందే ఒప్పుకున్న ఉద్యోగుల పొదుపు రేటు 40 నెలల్లో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. నెలనెలా తప్పనిసరిగా కట్టవలసి రావడం వల్లనే చీటీ సామాన్య కుటుంబానికి పొదుపు నేర్పిందన్నది కూడా ఇదే సూత్రం. కట్టుబాటు ముందుగా ఏర్పడితే నెలనెలా మనసుతో పోరాడనక్కరలేదు.

6. తరగతి గది తీరు

ఈ నాలుగు ఘట్టాలను ఒక సెమిస్టరులో కుదించి బోధిస్తే, ఫెర్నాండెజ్ బృందం చెప్పినట్లు, అవసరం వచ్చేనాటికి పాఠం కరిగిపోతుంది. అందువల్ల విద్యారుణం, ఖాతా భద్రత, సైబరు మోసానికి గురైతే వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయడం వంటివి ప్రవేశం నాటి మొదటి నెలలోనూ, యాప్ అప్పు, క్రెడిట్ కార్డు, ట్రేడింగ్ రెండో సంవత్సరంలోనూ, జీతం చీటీ, భవిష్యనిధి, ఆరోగ్య బీమా, హామీ సంతకం చివరి సంవత్సరంలోనూ ఉండేలా కొద్దికొద్దిగా పంచడం సముచితం. యువ పట్టభద్రుల కోసం జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం నిర్వహించే ఫ్యాక్ట్ కార్యక్రమాన్ని ఈ పంపకంలో ఇముడ్చుకోవచ్చు.

పాఠ్యపుస్తకంగా అసలైన పత్రాలు వాడాలి. వాటిలో ముఖ్యమైనది ముఖ్యాంశాల పత్రం: అప్పు మొత్తం, అన్ని రుసుములూ కలిపిన ఏడాది వడ్డీరేటు, వాయిదాల పట్టిక, ఫిర్యాదు మార్గం ఒకేచోట చూపే ఈ పత్రాన్ని వ్యక్తులకిచ్చే రుణాలకు తప్పనిసరి చేస్తూ రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఆదేశమిచ్చింది. అందులో రెండు నిబంధనలు విద్యార్థికి అత్యంత విలువైనవి. పత్రం రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలి, దాన్ని వివరించి ఆ మేరకు అంగీకారం తీసుకోవాలి. వారం లేదా అంతకు మించిన గడువుగల అప్పు అయితే పత్రంలోని షరతులు కనీసం మూడు పనిదినాలు చెల్లుబాటులో ఉండాలి, అంటే ఆ మూడు రోజులూ ఆలోచించుకునే హక్కు రుణగ్రహీతది. యానాం విద్యార్థి పుదుచ్చేరి శాఖలో తెలుగు పత్రం కోరడం ఈ నిబంధన వెలుగులో దయాభిక్ష అడగడం కాదు. ఇంతకంటే మంచి మనస్తత్వ పాఠం పుస్తకాల్లో దొరకడం కష్టం: గడువు తరుముతున్న మనసుకు చట్టమే మూడు రోజులు ఇస్తోంది, వాడుకోవడం నేర్పడం కళాశాల పని.

బోధించేవారి విషయంలో ఒక కట్టుబాటు అవసరం. బీమా పాలసీయో, ట్రేడింగ్ ఖాతాయో, మ్యూచువల్ ఫండో అమ్మే సంస్థ ప్రతినిధి తరగతికి అతిథిగా వచ్చినప్పుడు విద్యార్థుల ఫోను నంబర్లు సేకరించకూడదు, ఖాతాలు తెరిపించకూడదు; వీలైతే ఆ పాఠాన్ని ఆర్థికశాస్త్ర, వాణిజ్యశాస్త్ర, మనస్తత్వశాస్త్ర అధ్యాపకులు కలిసి చెప్పాలి. ఇంటి అప్పులను తరగతిలో బయటపెట్టమని విద్యార్థిని ఎన్నడూ అడగకూడదు. కల్పిత కుటుంబపు పద్దు ఇచ్చి లెక్క వేయించవచ్చు, సొంత పద్దు విద్యార్థి దగ్గరే ఉండిపోవాలి. పరీక్షలో నిర్వచనాల స్థానంలో ఒక ముఖ్యాంశాల పత్రం ఇచ్చి లోపాలు పట్టమనడం, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు రాయమనడం, బంధువు కోరిన హామీ సంతకాన్ని నొప్పించకుండా నిరాకరించే ఉత్తరం రాయమనడం తగిన ప్రశ్నలవుతాయి.

7. బోధన హద్దులు

ఇంత చెప్పిన తరువాత, ఆర్థిక విద్య చేయలేనిదేమిటో కూడా చెప్పడం న్యాయం. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తిన సూక్ష్మరుణ సంక్షోభంలో ఒకే మహిళకు అనేక సంస్థలు పోటీపడి అప్పులివ్వడం, వారంవారం వసూళ్ళ ఒత్తిడి, బృందంలోని తోటి సభ్యులచేతనే ఒత్తిడి చేయించడం ప్రధాన కారణాలుగా ముందుకు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వసూళ్ళను కట్టడి చేయగా, రిజర్వు బ్యాంకు మాలేగాం సంఘాన్ని నియమించి తరువాత ఆ సంస్థలకు ప్రత్యేక నిబంధనలు రూపొందించింది. ఆ మహిళలకు వడ్డీ లెక్కలు మరింత బాగా వచ్చినంత మాత్రాన ఆ సంక్షోభం తప్పేదనలేము. అప్పిచ్చేవారి ప్రవర్తనను సరిచేయవలసింది నియంత్రణ. పాఠం దానికి ప్రత్యామ్నాయం కాదు. నష్టపోయిన ప్రతివారికీ తెలివితక్కువతనం అంటగట్టి నియంత్రణ బాధ్యతను మరుగుపరచే ఆర్థిక విద్య మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

అయినా నియంత్రణ ఇచ్చిన హక్కు వాడేవారు లేకపోతే కాగితం మీదే మిగులుతుంది. అర్థమయ్యే భాషలో పత్రం, మూడు రోజుల గడువు, అప్పును తిరిగిచ్చి తప్పుకునే వీలు, ఉచిత ఫిర్యాదు మార్గం ఈనాడు చట్టబద్ధంగా అందుబాటులో ఉన్నాయి. వాటిని అడిగే అలవాటే ఇంకా ఏర్పడలేదు. ఆ అలవాటు కళాశాలలో ఏర్పడకపోతే తరువాత ఏర్పడే చోటు దాదాపు లేదు, ఎందుకంటే ఆపైన ప్రతి సంతకమూ అత్యవసరం మధ్యలోనే వస్తుంది. కాబట్టి ఇటువంటి కోర్సు విజయాన్ని మార్కులతో గాని, తెరిపించిన ఖాతాల సంఖ్యతో గాని కొలవడం తగదు. చదువు ముగిసేలోగా ఎంతమంది విద్యార్థులు ఒక రుణపత్రాన్ని తమ భాషలో కోరి చదివారు, ఎంతమంది తమ విద్యారుణం మీద పేరుకున్న వడ్డీని తామే లెక్కకట్టి బ్యాంకు లెక్కతో సరిపోల్చారు, ఎంతమంది ఒక్కసారైనా ఒప్పుకోబోయి ఆగి, ఆలోచించి, వద్దన్నారు అనే మూడు ప్రశ్నలకు ప్రతి కళాశాలా ఏటా జవాబు రాసి ప్రకటించగలిగితే, ఆ నివేదికే తరువాతి ఏడాది పాఠ్యప్రణాళికకు ఆధారమవుతుంది.